పదో తరగతి ఇంగ్లీషు పేపరు: బెంగళూరు తెలుగు ఇళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

మా అమ్మాయి ప్రీబోర్డు, అంటే బోర్డు పరీక్షకి ముందు స్కూల్లో పెట్టే పరీక్ష, ఇంగ్లీషు పేపరు ఇంటికి తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. 80కి 57. లిఫ్టులో, స్కూలు బస్సులో, ఫోనులో పొద్దస్తమానం ఇంగ్లీషే మాట్లాడే పిల్ల. సెక్యూరిటీ అన్నతో కన్నడ, మాతో తెలుగు, మిగతా అందరితో ఇంగ్లీషు. లెక్కలకీ సైన్సుకీ ట్యూషన్ పెట్టించాం కానీ ఇంగ్లీషు జోలికి ఎవరం పోలేదు. "అది వచ్చిందే కదమ్మా" అనేది, మేమూ సరే అనేవాళ్లం. ఆ సాయంత్రం ఇద్దరం పేపరు ముందేసుకుని, పోయిన 23 మార్కులూ ఎక్కడెక్కడ పోయాయో ఒక కాగితం మీద రాసుకున్నాం. స్పెల్లింగుల వల్ల పోయినవి రెండే. గ్రామర్లో నాలుగు. మిగతావన్నీ అడిగింది ఒకటైతే రాసింది ఇంకొకటి కావడం వల్ల పోయాయి. చివరి పెద్ద ప్రశ్న టైం చాలక సగంలోనే ఆగిపోయింది.

అప్పటి నుంచి పరీక్ష దాకా మేం ఏం చేశామో, ఆ తర్వాత కగ్గదాసపురలో మా అపార్టుమెంటు పిల్లలకు సాయంత్రాలు చెబుతూ నేనేం నేర్చుకున్నానో ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇది సీబీఎస్ఈ పదో తరగతి ఇంగ్లీష్ లాంగ్వేజ్ అండ్ లిటరేచర్, అంటే 184 కోడు పేపరు గురించి. కర్ణాటక ఎస్సెస్సెల్సీ, ఐసీఎస్ఈ పిల్లల పేపరు కొలతలు వేరు. కాకపోతే గ్రామర్, జవాబులు రాయడం గురించి చెప్పింది వాళ్లకీ పనికొస్తుంది.

ముందే ఒక మాట చెప్పాలి. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, పిల్లకి మార్కులు పెరుగుతాయి" అని చాలామంది సలహా ఇస్తారు. మాకూ ఇచ్చారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఈ పరీక్షకి మీ ఇంట్లో తెలుగు ఎంత అక్కరకొస్తుందో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

పేపరు ఒంటితీరు తెలుసుకోండి

రాత పరీక్ష 80 మార్కులు, స్కూలు వేసే ఇంటర్నల్ మార్కులు 20. మూడు గంటల టైం, దానికి ముందు పేపరు చదువుకోడానికి 15 నిమిషాలు.

80లో మొదటి 20 మార్కులు రీడింగ్‌వి. ఎప్పుడూ చూడని ప్యాసేజీలు రెండు ఇస్తారు. ఒకటి 400 నుంచి 450 మాటల వ్యాసం. రెండోది చిన్నది, 200 నుంచి 250 మాటలు, అంకెలో చార్టో కలిసి వస్తుంది. తర్వాత గ్రామర్‌కి 10 మార్కులు, 12 ప్రశ్నలు ఇస్తారు, 10 రాయాలి. రైటింగ్‌కి 10: ఒక ఉత్తరం, ఒక అనలిటికల్ పేరాగ్రాఫ్ (చార్టు చూసి రాసే పేరా), ఒక్కోటి 5 మార్కులు, 100 నుంచి 120 మాటలు. మిగిలిన 40 మార్కులూ లిటరేచర్‌వి. ఫస్ట్ ఫ్లైట్, ఫుట్‌ప్రింట్స్ వితౌట్ ఫీట్ అనే రెండు ఎన్సీఈఆర్టీ పుస్తకాల నుంచే అడుగుతారు. పాఠంలోని నాలుగు లైన్లు ఇచ్చి అడిగే ఎక్స్‌ట్రాక్టులు రెండు, కలిపి 10 మార్కులు. 40 నుంచి 50 మాటల్లో రాయాల్సిన 3 మార్కుల జవాబులు ఆరు, అంటే 18. 100 నుంచి 120 మాటల పెద్ద జవాబులు రెండు, ఒక్కోటి 6.

ఈ కొలతలు ఒక చీటీ మీద రాసి పిల్ల చదువుకునే బల్ల ఎదురుగా గోడకి అంటించండి. సగం మార్కులు చేతిలో ఉన్న రెండు పుస్తకాల నుంచే వస్తాయని కళ్లతో చూస్తే పిల్లల ధోరణి మారుతుంది. ఇంగ్లీషుకి చదవాల్సింది ఏముంటుంది అన్న మాట మా ఇంట్లో ఆ చీటీతోనే ఆగిపోయింది.

ఇంకో సంగతి. ఇప్పుడు పేపరులో సగం ప్రశ్నలు చదివినదాన్ని వాడి ఆలోచించి రాసేవే ఉంటాయి. గైడులో జవాబు బట్టీ పట్టిన పిల్ల ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తడబడుతుంది. అందుకే తర్వాతి పని అన్నిటికన్నా ముఖ్యం.

పాఠం చదివించండి, తర్వాత అవ్వకి చెప్పించండి

మా అమ్మ అనంతపురం దగ్గర పల్లెలో ఉంటుంది. ఆ ఏడాది మోకాళ్ల వైద్యం కోసం రెండు నెలలు మా దగ్గరే ఉంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఒకరోజు రాత్రి అన్నాల తర్వాత మా అమ్మాయి, వల్లి అనే ఎనిమిదేళ్ల పిల్ల మొదటిసారి బస్సెక్కే పాఠం చదువుకుంటోంది.

"ఏం కథే అది? నాకూ చెప్పు" అంది మా అమ్మ.

పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. వల్లికి బస్సెక్కాలని ఆశ. ఒకవైపుకి ముప్పై పైసలు. మిఠాయిలు, బెలూన్లు అన్నీ మానుకుని అరవై పైసలు కూడబెట్టింది. మధ్యాహ్నం వాళ్లమ్మ నిద్రపోయే వేళ చూసుకుని ఎక్కింది. దారిలో ఒక ఆవు తోక పైకెత్తి బస్సు ముందు పరుగెడుతుంటే పడీ పడీ నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు అదే ఆవు రోడ్డు మీద చచ్చిపడి ఉంది. అంతే, ఇక కిటికీలోంచి చూడలేదు.

"ఎందుకు చూళ్లేదు?"

"భయమేసిందేమో అవ్వా."

"భయమా, బాధా? రెండూ ఒకటి కాదే. ముందు నవ్వింది కదా ఆవుని చూసి. మరి ఇంటికి పోయి వాళ్లమ్మకి చెప్పిందా?"

"లేదు. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ వింటున్నాను. మా అమ్మ అడిగినవన్నీ బోర్డు వాళ్లు అడిగే తరహా ప్రశ్నలే. చావు సంగతి వల్లిలో ఏం మార్పు తెచ్చింది, ఆ ప్రయాణాన్ని ఎందుకు రహస్యంగా ఉంచింది, ఆ పిల్ల స్వభావం గురించి మనకేం తెలుస్తుంది. మా అమ్మాయి ఆ రాత్రి అరగంట ఆలోచించి తెలుగులో చెప్పింది. మర్నాడు అదే మాట ఇంగ్లీషులో రాసింది. ఆ పాఠం మీద మళ్లీ ఎప్పుడూ గైడు తెరవలేదు.

కాబట్టి ప్రతి పాఠానికీ ఈ వరస పెట్టుకోండి. పుస్తకంలో పాఠం ఒకసారి ఆగకుండా చదవాలి. రెండోసారి పెన్సిల్‌తో చదివి, కథ మలుపు తిరిగిన చోట గీత గియ్యాలి. తర్వాత ఇంట్లో ఎవరికో ఒకరికి తెలుగులో చెప్పాలి. అవ్వ ఊళ్లో ఉంటే వీడియో కాల్ చేయించండి, తాతైనా పర్వాలేదు. వినేవాళ్లకి ఇంగ్లీషు రాకపోతే ఇంకా మంచిది, ఎందుకంటే పిల్ల ఇంగ్లీషు మాటల వెనక దాక్కోలేదు. వినేవాళ్లు చెయ్యాల్సింది ఒక్కటే, కనీసం మూడుసార్లు ఎందుకు అని అడగాలి. మర్నాడు ఆ మూడింటిలో ఒకదానికి పిల్ల 40, 50 మాటల్లో ఇంగ్లీషు జవాబు రాయాలి.

పద్యాలకి ఇది కొంచెం మారుతుంది. పద్యం రెండుసార్లు పైకి చదివించాలి. ప్రాస ఎలా నడిచిందో, ఒక వస్తువుని ఇంకో వస్తువుతో ఎక్కడ పోల్చారో, ప్రాణం లేనిదానికి ప్రాణం ఉన్నట్టు ఎక్కడ రాశారో గుర్తించి, ఆ అలంకారం పేరు పక్కనే రాసుకోవాలి. తెలుగు రెండో భాషగా తీసుకున్న పిల్లలైతే ఉపమ, రూపకం అప్పటికే చదివి ఉంటారు. సిమిలీ అంటే ఉపమ, మెటఫర్ అంటే రూపకం అని ఒక్కమాట చెప్తే చాలు, వెలుగుతుంది.

ఒక జాగ్రత్త. ఫస్ట్ ఫ్లైట్‌లో కూర్గ్ గురించి పాఠం ఉంది. బెంగళూరు పిల్లల్లో చాలామంది శని ఆదివారాల్లో మడికేరి వెళ్లొచ్చినవాళ్లే. జవాబులో తాము చూసిన జలపాతం, తాగిన కాఫీ రాసేస్తారు. ప్రశ్న పాఠం నుంచి వచ్చినప్పుడు జవాబులో ఆధారమూ పాఠం నుంచే రావాలి. సొంత అనుభవం ఎంత బాగున్నా దానికి మార్కు ఇచ్చే చోటు అక్కడ ఉండదు.

మూడు మార్కుల జవాబు ఎలా కట్టాలి

ఫస్ట్ ఫ్లైట్‌లోని లెంచో కథ తీసుకుందాం. వడగళ్ల వానకి పంట మొత్తం పోయిన రైతు వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టుమాస్టరు జాలిపడి తన జీతంలో కొంత, తోటివాళ్ల దగ్గర కొంత పోగుచేసి పంపుతాడు. డబ్బు లెక్కపెట్టుకోగానే లెంచోకి కోపం వస్తుంది. ఎందుకు వచ్చింది అన్నది ప్రశ్న.

మా అపార్టుమెంటులో ఒక అబ్బాయి రాసిన జవాబు చూడండి, అర్థం తెలుగులో ఇస్తున్నాను: "లెంచో చాలా పేద రైతు. అతని పంట వడగళ్లకి పాడైపోయింది. దేవుడంటే అతనికి చాలా నమ్మకం. అతను దేవుడికి ఉత్తరం రాశాడు. డబ్బు వచ్చింది కానీ తక్కువ వచ్చింది. అందుకే కోపం వచ్చింది." ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. కానీ మొదటి నాలుగు వాక్యాలూ అడగని కథ. అసలు జవాబు ఐదో వాక్యంలో మొదలై ఆరో వాక్యంలో అయిపోయింది.

అదే జవాబుని మేం మళ్లీ ఇలా కట్టాం. మొదటి వాక్యంలోనే సూటిగా సమాధానం: లెంచో వాజ్ యాంగ్రీ బికాజ్ హి హ్యాడ్ ఆస్క్డ్ ఫర్ ఎ హండ్రెడ్ పెసోస్ బట్ రిసీవ్డ్ ఓన్లీ సెవెంటీ. రెండో వాక్యంలో దాని వెనక ఉన్న నమ్మకం: దేవుడు లెక్క తప్పడు, అడిగింది కాదనడు అని అతని విశ్వాసం. మూడో వాక్యంలో ఆ నమ్మకం అతన్ని ఎక్కడికి తీసుకెళ్లిందో: తప్పు పోస్టాఫీసు వాళ్లదే అనుకున్నాడు, సాయం చేసినవాళ్లనే దొంగలన్నాడు. ఇక్కడికి దాదాపు 50 మాటలు అయ్యాయి, ఆపెయ్యాలి.

సమాధానం, కారణం, పాఠంలో దానికి ఆధారం. ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోడానికి మా పిల్లలు మూడు రంగుల స్కెచ్ పెన్నులు వాడేవాళ్లు. రాసిన జవాబులో ఒక్కో ముక్క కింద ఒక్కో రంగు గీత. ఏ రంగూ పడని వాక్యం ఉందంటే అది పక్క కథ. రెండు వారాలు ఇలా గీస్తే ఆ తర్వాత గీతలు లేకుండానే జవాబు కుదురుతుంది.

ఆరు మార్కుల జవాబుకి కూడా పునాది ఇదే. కాకపోతే అక్కడ రెండు పాఠాల్లోని మనుషుల్ని పక్కపక్కన పెట్టమని అడగొచ్చు, ఒక పాత్ర డైరీ రాసినట్టు రాయమనొచ్చు. అందుకని వారానికి ఒక జంట తీసుకోండి. వల్లినీ లెంచోనీ ఒక గదిలో కూర్చోబెడితే ఏం మాట్లాడుకుంటారు? పిల్లలకి ఈ ఆట చాలా ఇష్టం. ఆటగా మాట్లాడుకున్నది 120 మాటల్లోకి కుదించడం మాత్రం కష్టమే, చేత్తో రాసి రాసి రావాల్సిందే.

గ్రామర్: తెలుగు అడ్డుపడే చోట్లు, చెయ్యందించే చోట్లు

సీబీఎస్ఈ సిలబస్‌లో పదో తరగతి గ్రామర్ అంటే ఐదే: టెన్సులు, మోడల్స్ (క్యాన్, మే, మస్ట్ లాంటివి), సబ్జెక్టు వెర్బు కుదుర్పు, రిపోర్టెడ్ స్పీచ్ (ఒకరన్న మాటని మనం చెప్పడం), డిటర్మినర్లు (ఎ, ఆన్, ద లాంటివి). పిల్లలు చెవికి ఎలా వినిపిస్తే అలా నింపేస్తారు. బెంగళూరులో చెవికి వినిపించే ఇంగ్లీషు అన్ని భాషలూ కలిసిన ఇంగ్లీషు. దాన్ని నమ్ముకుంటే ఈ పది మార్కుల్లో మూడు నాలుగు పోతాయి.

ముందు ఎ, ఆన్, ద. తెలుగులో ఇవి లేవు కాబట్టి మన పిల్లలు వదిలేస్తారని అందరూ అంటారు. నిజమే కానీ మనకి వేరే దారి ఉంది. "ఒక ఊళ్లో ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు." మొదటిసారి చెప్పినప్పుడు ఒక, రెండోసారి ఆ. ఇంగ్లీషులో సరిగ్గా 'ఒక' ఉన్న చోట ఎ, 'ఆ' ఉన్న చోట ద. చిన్నప్పటి నుంచి కథలు విన్న పిల్లకి ఇది ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

ఎ రాయాలా ఆన్ రాయాలా అన్నదానికి ఇంకా తేలిక. ఆ మాటని మనసులో తెలుగు అక్షరాల్లో రాసుకోమనండి. అవర్ (గంట) అచ్చుతో మొదలైంది, ఆన్ అవర్. యూనివర్సిటీ హల్లుతో మొదలైంది, ఎ యూనివర్సిటీ. ఎమ్మెల్యే అచ్చు, ఆన్ ఎమ్మెల్యే. వన్ వే రోడ్డులో వ హల్లు, ఎ వన్ వే రోడ్. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే మోసపోతారు, తెలుగు అక్షరం శబ్దాన్ని పట్టి చూపిస్తుంది.

రిపోర్టెడ్ స్పీచ్‌లో మాత్రం తెలుగు గట్టిగా అడ్డుపడుతుంది. మనం "ఎక్కడ ఉంటావు అని అడిగింది" అంటాం. అడిగిన మాట అడిగినట్టే ఉంచి వెనక అని తగిలిస్తాం. ఆ అలవాటు మీద పిల్లలు షి ఆస్క్డ్ మి వేర్ డు ఐ లివ్ అని రాస్తారు. ఇంగ్లీషులో ప్రశ్న ప్రశ్నలా ఉండకూడదు, మామూలు వాక్యంలా సర్దుకోవాలి, కాలం ఒక మెట్టు వెనక్కి పోవాలి: షి ఆస్క్డ్ మి వేర్ ఐ లివ్డ్. రేపు అన్నది ద నెక్స్ట్ డే అవుతుంది, ఇక్కడ అన్నది దేర్ అవుతుంది.

అయితే ఏ మాటతో కలపాలన్నది తెలుగే చెబుతుంది. "వస్తానని చెప్పాడు", ఇది ఉత్త అని, దీనికి దట్. "వచ్చావా అని అడిగాడు", చివర ఆ వినిపించింది, దీనికి ఇఫ్ లేదా వెదర్. "తలుపు వెయ్యమని చెప్పింది", మని వినిపించింది, దీనికి టు: షి టోల్డ్ మి టు షట్ ద డోర్. నా దగ్గరికి వచ్చే పిల్లలు పరీక్షకి ముందు అని, ఆ, మని అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటారు.

సబ్జెక్టు వెర్బు కుదుర్పులో ఒకచోట తెలుగు మేలు చేస్తుంది, ఒకచోట కీడు. వన్ ఆఫ్ ద బాయ్స్ తర్వాత హ్యాజ్ రావాలా హ్యావ్ రావాలా? బాయ్స్ పక్కనే ఉండడంతో పిల్లలు హ్యావ్ రాస్తారు. తెలుగులో చెప్పించండి: "ఆ అబ్బాయిల్లో ఒకడు వచ్చాడు." వచ్చారు అని ఎవరూ అనరు. ఎ బాక్స్ ఆఫ్ మ్యాంగోస్ అన్నా అంతే, "మామిడిపళ్ల పెట్టె ఉంది" అంటాం. తెలుగు అసలు కర్తని క్రియకి దగ్గరగా తెస్తుంది. కానీ ఎవ్రీవన్ దగ్గర తెలుగుని నమ్మకూడదు. మనం "ప్రతి ఒక్కరూ వచ్చారు" అని బహువచనం వాడతాం, ఇంగ్లీషులో ఎవ్రీవన్ హ్యాజ్ కమ్ అని ఏకవచనమే. ఈచ్, నోబడీ కూడా ఇంతే.

టెన్సుల్లో ఒక్క తప్పు మన ఊరంతా చేస్తుంది. "పదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాం" అన్నదాన్ని వి ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్ అంటారు. ఉండాల్సింది వి హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్. మన 'నుంచి' ఇంగ్లీషులో రెండుగా చీలుతుంది. ఎంత కాలమో చెబితే ఫర్, ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్. మోడల్స్‌కి ఒకటి గుర్తుంటే చాలావరకు గట్టెక్కుతారు: చెయ్యగలను అనగలిగితే క్యాన్, వర్షం రావచ్చు లాంటి అనుమానమైతే మే లేదా మైట్, చెయ్యాలి అంటే మస్ట్ లేదా షుడ్, ఆ 'చెయ్యాలి'లో నియమం ఉందా సలహా ఉందా అని చూసుకుని ఎంచుకోవాలి.

రోజుకి పది గ్రామర్ ఖాళీలు చాలు. తప్పు చేసిన వాక్యాన్ని మాత్రం ఒక చిన్న నోటుబుక్కులో సరిగ్గా తిరగరాసి, పక్కన తెలుగు వాక్యం రాయించండి. పరీక్ష ముందు రోజు చదవడానికి దానికన్నా మంచి పుస్తకం బజారులో దొరకదు.

ఉత్తరం, చార్టు

ఉత్తరానికి ఒక కట్టు ఉంటుంది: రాసేవాళ్ల చిరునామా, తేదీ, అందుకునేవాళ్ల హోదా, చిరునామా, విషయం, సంబోధన, అసలు ఉత్తరం, ముగింపు. చేత్తో ఐదుసార్లు రాస్తే ఆ కట్టు చేతికి అలవాటవుతుంది. విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ లాంటి పాతకాలపు మొదళ్లు మాన్పించండి, మనమే చిన్నప్పుడు అలా నేర్చుకుని పిల్లలకి అంటిస్తున్నాం. 120 మాటల్లో ఏడెనిమిది మాటలు దానికే పోతాయి. మొదటి వాక్యంలో ఎందుకు రాస్తున్నామో చెప్పి, రెండో పేరాలో కష్టాన్ని కళ్లకి కట్టి, చివర్లో ఏం చెయ్యమంటున్నామో స్పష్టంగా అడగాలి.

కష్టాన్ని కళ్లకి కట్టడానికి మన పిల్లలకి ఊళ్లోనే బోలెడంత సరుకు ఉంది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం కాచుకున్న రోజులు వాళ్లకి గుర్తే. అవర్ లొకాలిటీ ఫేసెస్ వాటర్ ప్రాబ్లమ్ అనే కన్నా, బాత్రూమ్‌కి రోజుకి రెండు బకెట్లే అని లెక్క కట్టుకున్న సంగతి రాస్తే ఉత్తరానికి ప్రాణం వస్తుంది.

అనలిటికల్ పేరాగ్రాఫ్ అంటే పిల్లలకి టెన్షన్. చార్టులో ఉన్న ప్రతి అంకెనీ వాక్యంగా మార్చేస్తారు, లేదంటే చార్టులో లేని కారణాలు కల్పిస్తారు. దీనికి మేం మా ఇంటి కరెంటు బిల్లులు వాడాం. ఆరు నెలల బెస్కాం బిల్లులు తీసి, నెలనెలా ఎన్ని యూనిట్లు కాలాయో పిల్ల చేత బార్ చార్టు గీయించాను. తర్వాత నాలుగు ప్రశ్నలు. ఇది దేని గురించి? మొత్తం మీద పెరుగుతోందా తగ్గుతోందా? అన్నిటికన్నా ఎక్కువ ఏ నెల, తక్కువ ఏ నెల, తేడా ఎంత? దీన్ని బట్టి ఏం అనుకోవచ్చు? ఆ వరసలో నాలుగైదు వాక్యాలు రాస్తే పేరాగ్రాఫ్ తయారు. మార్చిలో యూనిట్లు ఎందుకు పెరిగాయో మా ఇంట్లో అందరికీ తెలుసు, అవ్వ వచ్చింది, పగలంతా ఫ్యాను. కానీ చార్టులో ఆ మాట లేదు కాబట్టి రాయకూడదు అని చెప్పినప్పుడు మా అమ్మాయికి ఆ ప్రశ్న స్వభావం పూర్తిగా అర్థమైంది.

చూడని ప్యాసేజీలు

దీనికి చెప్పేది తక్కువ, చేయించేది ఎక్కువ. వారానికి రెండు రోజులు ఇంగ్లీషు పేపర్లో సంపాదకీయం చదివించి, ఒక్కో పేరాకి పక్కన ఐదారు మాటల్లో సారం రాయించండి. తెలియని మాట వస్తే వెంటనే ఫోనులో వెతకనివ్వకండి. ముందు వెనక వాక్యాలు చూసి అర్థం ఊహించాలి, ఆ తర్వాతే చూసుకోవాలి. పరీక్ష గదిలో ఫోను ఉండదు కదా. ఆప్షన్లు ఇచ్చే ప్రశ్నల్లో రెండు దగ్గరదగ్గరగా ఉంటాయి. ప్యాసేజీలో ఏ లైను దాన్ని నిలబెడుతోందో వేలు పెట్టి చూపించమనండి. వేలు పెట్టలేకపోతే ఆ ఆప్షను వదిలెయ్యాలి.

ఏడాదిని ఎలా పంచుకోవాలి

జూన్ నుంచి దసరా దాకా వారానికి ఒక పాఠం, అవ్వకి చెప్పడంతో సహా. దసరా సెలవుల్లో గ్రామర్ ఐదు భాగాలూ ఒక చుట్టు. నవంబరులో రైటింగ్. డిసెంబరు నుంచి వారానికి ఒక పూర్తి పేపరు, ఆదివారం పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా, అసలు పరీక్ష టైంలోనే. సీబీఎస్ఈ అకడమిక్ వెబ్‌సైటులో మాదిరి పేపర్లు, వాటికి మార్కులు వేసే పద్ధతి ఉచితంగా దొరుకుతాయి. ఆ మార్కింగ్ స్కీము తల్లిదండ్రులు చదవాలి. ఏ జవాబుకి ఏ పాయింట్లు చూస్తారో మనకి తెలిస్తే పిల్ల రాసింది మనమే దిద్దవచ్చు, పెద్ద ఇంగ్లీషు పండితులం కానక్కర్లేదు.

సంక్రాంతికి ఊరు వెళ్లడం మానొద్దు. నాలుగు రోజులు పోతే పోయింది, పుస్తకాలు రెండూ బస్సులో వెంట ఉంటాయి. మేం హిందూపురం దాటేలోపు ఒక పద్యం అయిపోయేది.

ఇంటర్నల్ 20 మార్కుల్ని చిన్నచూపు చూడకండి. నోటుబుక్కులు, పోర్ట్‌ఫోలియో (ఏడాదిలో చేసిన పనుల ఫైలు), వినడం మాట్లాడడం పరీక్షలు, వీటికి ఏడాది పొడవునా మార్కులు పడతాయి. ఇల్లు మారడమో పెళ్లిళ్లో వచ్చి పిల్ల రెండు వారాలు స్కూలు మానితే, ఏం పోయిందో టీచరమ్మని అడిగి వెంటనే పూర్తి చేయించండి.

చెయ్యి, గడియారం

నేటి పిల్లల చేతికి మూడు గంటలు రాసే అలవాటు లేదు. మొదటి పూర్తి పేపరు రాసినప్పుడు మా అమ్మాయి రెండో గంటకే వేళ్లు విరుచుకుంది, అక్షరం పాడైంది. అందుకే ఆదివారాల పేపరు తప్పనిసరి.

మూడు గంటల్ని మేం ఇలా పంచుకున్నాం: రీడింగ్‌కి 45 నిమిషాలు, గ్రామర్‌కి 15, ఉత్తరానికీ పేరాగ్రాఫ్‌కీ 35, లిటరేచర్‌కి 70, చివర 15 నిమిషాలు సరిచూసుకోడానికి. ముందు ఇచ్చే 15 నిమిషాల్లో రెండు ప్యాసేజీలూ చదివెయ్యడం మేలు. ఆరు మార్కుల ప్రశ్నల్లో ఏవి రాయాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఒక జవాబు ఆగిపోతే నాలుగు గీతల చోటు వదిలి ముందుకు పోవాలి. ప్రశ్న నంబరు పేపర్లో ఎలా ఉందో అలాగే వెయ్యాలి, ఒక సెక్షన్ జవాబులు ఒకేచోట ఉండాలి.

సరిచూసుకునేటప్పుడు మొత్తం చదవడానికి టైం చాలదు. ప్రతి పిల్లకీ తనవి అంటూ రెండు మూడు తప్పులు ఉంటాయి, వాటికోసమే వెతకాలి. మా అమ్మాయికి కథ చెబుతూ చెబుతూ గతం నుంచి వర్తమానంలోకి జారిపోయే అలవాటు. చివరి 15 నిమిషాలూ క్రియలు మాత్రమే చూసేది.

పరీక్ష రోజు

సెంటరు వేరే స్కూల్లో పడుతుంది. ముందు రోజు వెళ్లి గేటు ఎటువైపు ఉందో చూసి రండి, వీలైతే పరీక్షకి బయల్దేరే వేళకే. టిన్ ఫ్యాక్టరీ దగ్గరో సిల్క్ బోర్డు దగ్గరో పొద్దున తొమ్మిదింటికి ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పది గంటలకల్లా లోపల ఉండాలి, ఆ తర్వాత రానివ్వరు. తొమ్మిదిన్నరకే గేటు దగ్గర ఉండేలా బయల్దేరండి, మెట్రో దగ్గరుంటే కారు ఇంట్లోనే వదిలెయ్యండి. అడ్మిట్ కార్డు, స్కూలు ఐడీ, యూనిఫాం, రాసి రాసి అలవాటైన నీలం పెన్నులు మూడు. కొత్త పెన్ను ఆ రోజు తెరవొద్దు.

టిఫిను మామూలుగా తినేదే పెట్టండి. బయటికి వచ్చాక ఏ ప్రశ్నకి ఏం రాశావని నిలదీయకండి, తర్వాతి పరీక్ష మూడు నాలుగు రోజుల్లోనే ఉంటుంది.

2026 నుంచి పదో తరగతి బోర్డు పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడుతున్నారు. ఫిబ్రవరిలో మొదలయ్యేది అందరూ రాయాలి. మేలో జరిగేది మార్కులు పెంచుకోవాలనుకునేవాళ్లకి, గరిష్ఠంగా మూడు సబ్జెక్టుల దాకా రాసుకోవచ్చు. ఇంగ్లీషు కూడా అందులో పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టకండి. ఆదివారాల్లో రాసిన పేపర్ల కట్ట తీసి, పోయిన మార్కులు ఎక్కడెక్కడ పోయాయో ఒక కాగితం మీద రాయించి, ఎక్కువ పోయిన చోటు నుంచి మొదలుపెట్టండి.